నవల సగంలో ఆగిపోయినప్పుడు: ఆగిన చోట కాదు, అంతకు ముందు వెతకండి

మీ ప్రశ్న పెద్దది. ముందు దాన్ని క్లుప్తంగా చెప్పి జవాబులోకి వస్తాను. శ్రీశైలం ప్రాజెక్టు కింద మునిగిన మీ తాతల ఊరి మీద నవల రాస్తున్నారు. పది అధ్యాయాలు ఏడాదిలో పూర్తయ్యాయి. పదకొండోది సగంలో ఆగి ఎనిమిది నెలలైంది. రోజూ రాత్రి ఆఫీసు పని ముగిశాక ఫైలు తెరిచి మొదటినుంచి చదువుతారు, అక్కడో మాట ఇక్కడో మాట మారుస్తారు, మూసేస్తారు. రోజుకు వెయ్యి పదాలు రాయాలన్న నియమం వారం కూడా నిలవలేదు. ఈలోగా ప్రాజెక్టు గురించి దొరికిన కాగితమల్లా పోగుచేస్తున్నారు. 'నాకు నవల రాసే శక్తి లేదేమో, దీన్ని వదిలేసి మనసులో తిరుగుతున్న ఇంకో నవల మొదలుపెట్టనా?' అని అడిగారు. పది అధ్యాయాల సారాంశం, ఆగిపోయిన అధ్యాయం మొత్తం జతచేశారు. రెండూ జాగ్రత్తగా చదివాను.

వదలకండి. రెండో నవల జోలికి ఇప్పుడు వెళ్ళకండి. శక్తి లేకపోవడం మీ ఇబ్బంది కాదు. నేను నవలలు రాసినవాణ్ణి, ప్రచురణకర్తల కోసం ఏళ్ళ తరబడి ఇతరుల రాతప్రతులు చదివినవాణ్ణి. నేను చూసినంతలో నవల ఆగిపోయేది ఎక్కువగా మూడో వంతుకీ సగానికీ మధ్య. దానికి కారణం ఉంది. మొదటి భాగం జ్ఞాపకం మీద నడుస్తుంది. ఊరు, వీధులు, మనుషులు, వాళ్ళ మాటతీరు, చిన్నప్పుడు అరుగు మీద విన్న సంగతులు ఏళ్ళుగా మీలో పేరుకుని ఉన్నాయి, అడగ్గానే వచ్చేశాయి. ఆ నిల్వ అయిపోయాక నవల మిమ్మల్ని నిర్ణయాలు అడుగుతుంది. ఈ మనిషి ఏం చేస్తాడు? ఎవరికి ఎదురు తిరుగుతాడు? ఏం పోగొట్టుకుంటాడు? వీటికి జ్ఞాపకం జవాబు చెప్పదు, మీరే తేల్చాలి. తేల్చనంతకాలం చెయ్యి కదలదు.

పొలంలో చివరి మడికి నీళ్ళు రాకపోతే రైతు ఆ మడిలో నిలబడి ఎదురుచూడడు. కాలవగట్టు పట్టుకుని వెనక్కి నడుస్తాడు, ఎక్కడో గండి పడి ఉంటుందని అతనికి తెలుసు. మీరు ఎనిమిది నెలలుగా చివరి మడిలో నిలబడ్డారు. నా లెక్కన గండి పడింది నాలుగో అధ్యాయంలో.

మీ నవలకు కేంద్రం నాగన్న, ఊరి రేవులో పుట్టి అనే గుండ్రటి పడవ నడిపేవాడు. చాలా మంచి ఎంపిక. ఏటి మీద బతికే మనిషి బతుకును ఆ ఏటి నీళ్ళే ముంచెయ్యడం కంటే బలమైన కథాంశం ఏముంటుంది! నాలుగో అధ్యాయంలో తండ్రి చనిపోతాడు, అన్నదమ్ములు పొలం పంచుకోవాలి. నాగన్న తన వాటా అన్న పుల్లన్నకు వదిలేసి 'నాకు ఏరుంది, చాలు' అంటాడు. చదవడానికి ఆ ఘట్టం బాగుంది, మీకూ ఇష్టమైనట్టుంది. దాని పర్యవసానం చూడండి. పదకొండో అధ్యాయంలో సర్వే వాళ్ళు వస్తారు, నోటీసులొస్తాయి, మెట్టకెంత తరికెంత అని ఊరంతా తగాదాలు మొదలవుతాయి. అప్పటి 1894 నాటి భూసేకరణ చట్టం కింద పరిహారం ప్రధానంగా పట్టా ఉన్నవాళ్ళకే. నాగన్నకు పట్టా లేదు. అతని రేవుకూ, తెడ్డుకూ, కళ్ళంలో రైతులు కూలిగా కొలిచే గింజల మేరకూ ఎవరూ వెల కట్టరు. ఈ అన్యాయమే నవలకు ఊపిరి కావలసింది. కానీ వాటా అతనే వదులుకున్నాడు కాబట్టి అడగడానికి నోరు లేదు. ఊరు ఊరంతా కొట్లాడుతుంటే నాగన్న రావిచెట్టు కింద కూర్చుని వింటున్నాడు. ఆ అధ్యాయంలో అతనికి మీరు ఇచ్చిన పనులు వరసగా చూడండి: నిట్టూర్చాడు, తల పంకించాడు, మౌనంగా ఏటివైపు చూస్తూ ఉండిపోయాడు. కథ నడపాల్సిన మనిషి చూస్తూ ఉండిపోయాడు, అతనితోపాటు మీరూ ఉండిపోయారు.

ఈ సంగతి నేను చెప్పకుండా మీరే పట్టుకోగల పద్ధతి ఒకటుంది, తర్వాత రాసే నవలలకూ పనికొస్తుంది. కంప్యూటరు కట్టేసి ఒక తెల్లకాగితం తీసుకోండి. అధ్యాయానికి ఒకే ఒక్క వాక్యం రాయండి. అందులో ఏం జరిగిందో రాయకండి, ఏం మారిందో రాయండి. మొదట్లో ఉన్నది చివరికి ఎవరికి లేకుండా పోయింది, ఎవరి మాట ఎవరు నమ్మడం మానేశారు, ఎవరు ఇక వెనక్కి తీసుకోలేని పని చేశారు, అంతే. మీ సారాంశం పెట్టుకుని నేను ఈ పని చేసి చూశాను. మొదటి నాలుగు అధ్యాయాలకు వాక్యాలు సులువుగా వచ్చాయి. ఐదు, ఆరు పరవాలేదు. ఏడో అధ్యాయం తిరునాల, ఎనిమిది పెళ్ళి, తొమ్మిది కరువు ఏడాది. మూడూ చక్కని వర్ణనలే, కానీ మూడింటిలోనూ ఎవరి బతుకూ అంగుళం జరగలేదు. వరసగా రెండు అధ్యాయాల దగ్గర 'ఏమీ మారలేదు' అని రాయాల్సి వస్తే అక్కడికి కొంచెం ముందు మీరు ఏదో ఒక నిర్ణయం తప్పించుకున్నారని అర్థం. మీరు తప్పించుకున్నది అన్నదమ్ముల తగాదా.

ఇంకో ఆధారం మీ భాషలోనే ఉంది. మొదటి అధ్యాయాల నుంచి మీరు ఉదాహరించిన పేరాలు హాయిగా ఉన్నాయి, నందికొట్కూరు వైపు మాట వినిపిస్తోంది. పదకొండో అధ్యాయంలో మాత్రం ఇలాంటి వాక్యం పడింది: 'ప్రాజెక్టు నిర్మాణం కారణంగా గ్రామం ముంపునకు గురికానున్నదన్న వార్త గ్రామస్తులలో తీవ్ర ఆందోళన కలిగించింది.' ఇది పేపరు విలేకరి వాక్యం. ఇందులో మనిషి లేడు. తెలుగులో నవల రాసేవాళ్ళందరికీ ఉన్న ఇబ్బంది ఇది. పాత్రలు ఊరి మాట మాట్లాడతాయి, కథ చెప్పేవాడు బడిలోనో పత్రికలోనో నేర్చుకున్న తెలుగు మాట్లాడతాడు. భయం వేసినప్పుడల్లా, తెలియని చోటుకు వచ్చినప్పుడల్లా మనం ఆ రెండో తెలుగు వెనక దాక్కుంటాం. మీ వాక్యాలు ఎక్కడ గ్రాంథికం వైపో పేపరు వైపో జరిగాయో గుర్తులు పెట్టుకుంటూ వెళ్ళండి, మీరు ఎక్కడెక్కడ తప్పుకున్నారో బయటపడుతుంది.

అదే సంగతిని ఒక మనిషి పట్టుకుని చెప్పి చూడండి. మీ రెండో అధ్యాయంలో అంగడి శేషమ్మ ఉంది కదా, ఆమెతో మొదలుపెడదాం: 'ఊరు మునుగుతాదన్న మాట మొదట నమ్మింది అంగడి శేషమ్మ. ఆ పొద్దునుంచే ఆమె అప్పియ్యడం మానేసింది. నీళ్ళొస్తాయంట గదక్కా అని నాగన్న అడిగితే, వస్తే రానీలేప్పా, నీ బాకీ పదేడు రూపాయలు, అది మునిగేలోపల ఇచ్చిపో అనింది.' నేను కర్నూలువాణ్ణి కాను, యాసలో తప్పులుంటే మీరే దిద్దుకోండి. నేను చూపించాలనుకున్నది వేరే. 'తీవ్ర ఆందోళన' అన్న మాట పోయి, అప్పు ఆగిపోవడం వచ్చింది. అప్పు ఆగితే ఇంట్లో జొన్నలు ఆగుతాయి, నాగన్న భార్య మాట్లాడుతుంది, నాగన్న ఏదో ఒకటి చెయ్యక తప్పదు. ఒక్క వాక్యం మనిషి చేతికి వస్తే తర్వాతి నాలుగు వాక్యాలు దాని వెంట వస్తాయి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీరు దీన్ని ప్రశ్న చివర్లో, ముఖ్యం కాదన్నట్టు రాశారు: పుల్లన్న పాత్రకు ఆధారం మీ పెద్దనాయన. ఊళ్ళో అందరికంటే ముందు సంతకం పెట్టి పరిహారం తీసుకున్నది ఆయనే. దానివల్ల మీ నాయనకూ ఆయనకూ చాలా ఏళ్ళు మాటల్లేవు. ఆయనకిప్పుడు ఎనభై దాటాయి, మీరు నవల రాస్తున్నట్టు ఆయనకు తెలుసు, 'ఎంతవరకు వచ్చింది నాయనా' అని అడుగుతుంటారు. ఇది చదివాక నాకు మిగతాదంతా ముడిపడింది. నాలుగో అధ్యాయంలో తగాదా రాకుండా ఆపింది నాగన్న మంచితనం కాదు. అన్నదమ్ములు కొట్లాడితే పెద్దనాయన చదువుతారన్న భయం. అందుకోసం ఒకణ్ణి దేవుణ్ణి చేశారు, రెండోవాణ్ణి మంచివాడూ చెడ్డవాడూ కాని నీడలా వదిలేశారు. ఆ నీడ పదకొండో అధ్యాయంలో సంతకం పెట్టాల్సిన రోజు దగ్గరపడింది, అక్కడ మీ చెయ్యి ఆగింది.

ఈ భయాన్ని నేను చిన్నచూపు చూడను. మన దగ్గర నవల రాయడమంటే బంధువుల మధ్య కూర్చుని రాయడమే. పేరు మార్చినా ఊరు గుర్తుపడుతుంది. రచయితకు ఏ హక్కైనా ఉంది, ఎవరేమనుకున్నా రాసెయ్యాలి అని ధైర్యం చెప్పేవాళ్ళున్నారు. ఆ మాట మీకు పనికిరాదు, మీరు ఆయన్ని ప్రేమిస్తున్నారు. మీకు పనికొచ్చేది ఇంకోటి చెబుతాను: సంతకం పెట్టడానికి పుల్లన్నకు గట్టి కారణం ఇవ్వండి. ఎవరూ కొట్టిపారెయ్యలేనంత గట్టి కారణం. నీళ్ళు ఎలాగూ ఆగవని అందరికంటే ముందు అతనికి అర్థమై ఉండొచ్చు. ఆడపిల్ల పెళ్ళి కుదిరి ఉండొచ్చు. ముందు తీసుకున్నవాడికి కొత్త చోట మంచి స్థలం దొరుకుతుందని ఎవరో నమ్మించి ఉండొచ్చు. నాగన్న అడిగే అన్యాయం ఎంత నిజమో పుల్లన్న భయం అంతే నిజం కావాలి. అప్పుడది ఒకరి మీద నేరం మోపే నవల కాదు, ఇద్దరికీ న్యాయం ఉన్న తగాదా. నా నమ్మకం, కథకు ఆధారమైన మనిషి తన వాదన తనకంటే బాగా చెప్పారని అనిపించిన పుస్తకాన్ని క్షమించగలడు. వెనకాడి రాసిన పుస్తకమే ఎక్కువ నొప్పిస్తుంది, ఎందుకంటే అందులో దాచిపెట్టిన తీర్పు కనిపిస్తూనే ఉంటుంది.

పేరొక్కటే మారిస్తే చాలదు. పుల్లన్న ఒడ్డూ పొడుగూ, పిల్లల సంఖ్య, చేసే సేద్యం, మాట్లాడే తీరు మార్చండి. పాత్ర మీ పెద్దనాయన నుంచి కొంచెం జరగ్గానే మీకు ఊహించే చోటు దొరుకుతుంది. ఆయన్ని అలాగే దించితే ప్రతి వాక్యానికీ 'నిజంగా అలా జరిగిందా' అని ఆగుతారు. ఆ సంతకం పెట్టే అధ్యాయాన్ని మాత్రం ఎవరికీ చూపించనని మీకు మీరు మాట ఇచ్చుకుని, నోటుబుక్కులో చేత్తో రాయండి. అచ్చు వేయాలా వద్దా అన్నది నవల మొత్తం పూర్తయ్యాక తేల్చుకునే సంగతి. సగంలో అనుమతి అడగకండి. సగం రాసిన నవల గురించి ఎవరూ సరైన జవాబు ఇవ్వలేరు, ఆయనా ఇవ్వలేరు, మీరూ దాన్ని మోయలేరు.

అనుమతి అడగొద్దన్నాను గానీ ఆయనతో మాట్లాడొద్దనలేదు. వెళ్ళి కూర్చోండి. సంతకం సంగతి ఎత్తకండి, 'ఆ రోజు మీకేమనిపించింది' అని అసలే అడగకండి. వస్తువుల గురించి అడగండి. వాకిళ్ళు, దూలాలు ఎవరు ఊడదీశారు, ఎక్కడికి తెచ్చుకున్నారు? జొన్న పాతర తవ్వినప్పుడు గింజలు బాగున్నాయా? గ్రామదేవతను ఎవరు మోశారు? పశువుల్లో ఏది కొత్త చోట నిలవక వెనక్కి పారిపోయింది? 1981లో ఊళ్ళు ఖాళీ చేయించినప్పుడు కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వేల కుటుంబాలు ఇలాంటి పనులన్నీ చేసి ఉండాలి. అవి ఏ రికార్డులోనూ ఉండవు, ఆయన వయసువాళ్ళతోనే పోతాయి. ఒక గంట ఆ సంగతులు వింటే మీకు మూడు అధ్యాయాలకు సరిపడా దొరుకుతుంది. అడగకుండానే సంతకం గురించి ఆయనే చెప్పినా నేను ఆశ్చర్యపోను.

పరిశోధన గురించి కూడా ఇక్కడే చెప్పాలి. మీరు పంపిన జాబితా చూశాను. నిర్వాసితుల కుటుంబాలకు ఉద్యోగాల గురించి 1986లో వచ్చిన జీవో 98, కాలవల మీద పనిచేసే లస్కరు పోస్టుల కోసం జరిగిన పోరాటాల పేపరు కటింగులు, నీటిమట్టాల పట్టికలు, ఆలయాల తరలింపు వివరాలు. ఎంతో విలువైన సామగ్రి. కానీ మీ కథ 1981 దగ్గర ముగుస్తుందని మీరే రాశారు, 1986 జీవో దానికెందుకు? రాయాల్సిన సన్నివేశం భయపెడుతున్నప్పుడు చదవాల్సిన కాగితాలు ఎక్కువైపోతుంటాయి, పని చేస్తున్నట్టే ఉంటుంది. నేను పాటించే నియమం ఇది. రాస్తుండగా తెలియని సంగతి తగిలితే అక్కడ 'చూడాలి' అని రాసి ముందుకు పోతాను. అధ్యాయం పూర్తయ్యాక ఆ 'చూడాలి'లన్నీ ఒక జాబితా చేసి, వాటికోసమే వెతుకుతాను. ప్రశ్న చేతిలో లేకుండా లైబ్రరీకి గానీ, ఊరికి గానీ వెళ్ళను.

మీరు మాత్రం ఒకసారి వెళ్ళాలి. శ్రీశైలం జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు. వేసవిలో నీళ్ళు బాగా వెనక్కి పోయినప్పుడు సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, మళ్ళీ వరద వచ్చేదాకా అక్కడ పూజలు జరుగుతాయి. చుట్టుపక్కల పాత ఊళ్ళ గుర్తులేమైనా తేలాయేమో స్థానికులను అడిగి చూడండి. కూడవెల్లిలో ఉండిన మరో సంగమేశ్వరాలయం కథ ఇంకోలా నడిచింది, దాన్ని రాయి రాయి విప్పి అలంపురానికి తరలించి మళ్ళీ కట్టారు. మీ ఫైలులో ఇదంతా సమాచారంగా పడి ఉంది. నాగన్న కళ్ళతో చూడండి: గుడి రాళ్ళను జాగ్రత్తగా తరలించిన ప్రభుత్వానికి అతని రేవు కనపడలేదు. ఆ రాళ్ళను చూసినప్పుడు అతను ఏమంటాడో మీకు వినపడితే ఆ సమాచారం నవలలోకి వచ్చినట్టు. వినపడకపోతే ఇంకా ఫైలులోనే ఉన్నట్టు.

రోజూ మొదటినుంచి చదివే అలవాటు ఈ రాత్రి నుంచే మానాలి. ఇందులో నేను ఏ మినహాయింపూ ఇవ్వను. మళ్ళీ మళ్ళీ చదివి నున్నగా చేసిన పేజీలు మీకు పవిత్రమైపోతాయి, తర్వాత అవసరమైనప్పుడు కొయ్యలేరు. తిరునాల అధ్యాయాన్ని సగానికి తగ్గించమంటే ఇప్పటికే మీ మనసు ఒప్పుకోదు. పైగా రోజుకున్న కాస్త శక్తీ చదవడంలోనే ఖర్చవుతుంది. మొదటి పది అధ్యాయాలను ఇంకో ఫోల్డరులో పెట్టెయ్యండి. కొత్త ఫైలులో పదకొండు మాత్రమే ఉండాలి. కూర్చోగానే నిన్న రాసిన చివరి రెండు పేజీలు చదవండి, అంతకు వెనక్కి వెళ్ళకండి. లేచేటప్పుడు సన్నివేశం పూర్తిచేసి లేవకండి. తర్వాత మాట ఏమిటో తెలిసి ఉండగానే, ఇద్దరు మాట్లాడుకుంటుండగానే ఆపండి. మర్నాడు కూర్చోగానే రెండోవాడి జవాబు సిద్ధంగా ఉంటుంది.

వెయ్యి పదాల నియమం నిలవనందుకు బాధపడకండి. అది ఇంగ్లీషు పుస్తకాల నుంచి వచ్చిన లెక్క. వాళ్ళకు నాలుగైదు పదాలు పట్టేది మనకు 'వెళ్ళిపోతున్నాడనుకున్నాను' అని ఒక్క పదంలో అయిపోతుంది. ఆ అంకె పెట్టుకుని తెలుగులో రాస్తే రోజూ ఓడిపోయినట్టే ఉంటుంది. ఉద్యోగం చేసుకుంటూ రాసేవాళ్ళకు పదాల లెక్క కంటే పొద్దున్నే ఒక అరగంట మేలు. రాత్రి పని అయ్యాక మిగిలేది మీలో అలసిపోయిన మనిషి, అతను దిద్దగలడు గానీ కల్పించలేడు. మీ ఎనిమిది నెలల దిద్దుబాట్లకు ఇదీ ఒక కారణం అయ్యుండొచ్చు. ఫోనులో ఇంగ్లీషు అక్షరాలు కొట్టి తెలుగు చేసుకుంటున్నానన్నారు, ఆ గుణింతాల సర్దుబాటులో వాక్యం లయ తప్పుతుంది. మొదటి ప్రతి కాగితం మీద రాయండి.

'వేయిపడగలు' 29 రోజుల్లో పూర్తయిందని ఎవరో చెప్పారని, అది విన్నాక ఇంకా కుంగిపోయానని రాశారు. ఆ 29 రోజుల మాట కొత్త రచయితలను ఎంతగా బాధపెడుతుందో నేను చాలాసార్లు చూశాను. అందులో మనం తీసుకోవలసింది వేగం కాదు. విశ్వనాథ ఆ నవల చేత్తో రాయలేదు, ఆయన చెబుతుంటే తమ్ముడు రాశాడు. 1866లో దస్తయేవ్‌స్కీ 'జూదరి'ని గడువులోగా ఇవ్వగలిగిందీ స్టెనోగ్రాఫరుకు చెప్పి రాయించినందువల్లే, 26 రోజుల్లో. నోటితో కథ చెప్పినప్పుడు ఎదుట మనిషి ఉంటాడు, వాక్యం దిద్దుకుంటూ ఆగలేం, తర్వాతేమైందో చెప్పి తీరాలి. మీ నవల పుట్టిందే మీ అవ్వ చెప్పిన కథల్లోంచి. పదకొండో అధ్యాయాన్ని ఇంట్లో ఎవరికైనా చెప్పండి, ఫోనులో రికార్డు చెయ్యండి. మాటను అక్షరాలుగా మార్చే సౌకర్యాలను మాత్రం దీనికి వాడకండి, అవి యాసను చెడగొడతాయి. వింటూ మీరే రాసుకోండి. ఎదుటివాళ్ళు ఎక్కడ 'ఆ తర్వాత?' అన్నారో, ఎక్కడ ఫోను వైపు చూశారో గమనించండి.

ఎదుట ఎవరో ఉండడం అన్నది తెలుగు నవలకు మొదటినుంచీ ఉంది. 1878లో 'రాజశేఖర చరిత్రము' వివేకవర్ధని పత్రికలో భాగాలుగా వచ్చింది. ఆ తర్వాత వారపత్రికల రోజుల్లో సీరియల్ రాసేవాళ్ళకు వచ్చే వారం భాగం ఇచ్చి తీరాలన్న ఒత్తిడి ఉండేది. దానివల్ల నవలలు సాగదీసిన మాటా నిజమే, కానీ ఎనిమిది నెలలు ఒకే పేజీ ముందు ఒంటరిగా కూర్చునే పరిస్థితి లేదు. ఇప్పుడు నవల రాసేవాళ్ళు పూర్తిగా ఒంటరి. అలాగని ప్రతిలిపి యాప్‌లో వారం వారం పెట్టమని మీకు చెప్పను. అక్కడ చదివేవాళ్ళ వ్యాఖ్యలు వెంటనే వస్తాయి, పుల్లన్న విషయంలో మీరింకా తేల్చుకోలేదు, మొదటి విమర్శకే కథ మారిపోతుంది. ఒక్క మనిషి చాలు. రచయిత కానివాళ్ళు, మీ కుటుంబం కానివాళ్ళు, నవలలు ఇష్టంగా చదివేవాళ్ళు. ప్రతి ఆదివారం రాసినంత వాళ్ళకు పంపండి. బాగుందా అని అడగొద్దు. 'తర్వాత ఏం జరుగుతుందనుకుంటున్నారు?' అని మాత్రం అడగండి. వాళ్ళ ఊహ తప్పైతే మీకు దారి తెలుస్తుంది, ఒప్పైతే దారి మార్చుకోవాలని తెలుస్తుంది.

ఒక మాట అడగకుండా ఉండలేను. ఈ ఎనిమిది నెలల్లో రాయడం ఒక్కటే ఆగిందా, లేక చదవడం, స్నేహితులతో మాట్లాడడం, ఇష్టంగా తినడం, నిద్రపోవడం కూడా తగ్గాయా? మీ ప్రశ్నలో 'ఏదీ చెయ్యబుద్ధి కావడం లేదు' అన్న వాక్యం ఒకటుంది. అది నవల గురించే అయితే పైన చెప్పినవి చాలు. అన్నిటి గురించీ అయితే, వారాల తరబడి అలాగే ఉంటే, అది నవల సమస్య కాదు, డాక్టరుకు చూపించుకోవలసిన సమస్య. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు 14416కి ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. నవల ఆగుతుంది, ఏమీ కాదు. ముందు మీరు బాగుండాలి.

రెండో నవల సంగతి. అది ఇప్పుడు తేలిగ్గా, అందంగా కనిపిస్తోందంటే దానికింకా మూడో వంతు రాలేదు. అక్కడికి వెళ్ళినా ఇలాంటి నిర్ణయమే ఎదురవుతుంది, అప్పుడు ఆగిపోయిన నవలలు రెండవుతాయి. దాని గురించి తోచినవి ఒక పేజీలో రాసి దాచండి. మరీ ఊపిరాడకపోతే ఇదే ఊరి మీద ఒక చిన్న కథ రాయండి, శేషమ్మ మీద రాయండి. ఆమె అంగడి మూసిన రోజు కథ పది పేజీల్లో అయిపోతుంది, నవలకూ పనికొస్తుంది.

ఇక ఈ వారం చెయ్యవలసిన పని. నాలుగో అధ్యాయాన్ని ముట్టుకోకండి. వెనక్కి వెళ్ళి దాన్ని సరిచేయడం మొదలుపెడితే ఐదు, ఆరు కూడా సరిచేయాల్సి వస్తుంది, మళ్ళీ దిద్దుబాట్లలో పడతారు. ఒక కాగితం మీద 'నాలుగో అధ్యాయంలో నాగన్న వాటా వదులుకోలేదు. పుల్లన్న కాగితాలు తన పేరున రాయించుకున్నాడు, నాగన్న ఇన్నేళ్ళూ అడగలేదు' అని రాసి గోడకు అంటించండి. ఆ మార్పు అప్పటికే జరిగిపోయినట్టుగా పదకొండు రాయండి. మొత్తం పూర్తయ్యాక వెనక్కి వెళ్ళి సరిచేయొచ్చు, నవల రాసేవాళ్ళు చాలామంది చేసేది అదే.

పదకొండును రావిచెట్టు కింద మొదలుపెట్టకండి, రేవులో మొదలుపెట్టండి. సర్వే వాళ్ళు గొలుసులు, జెండాలు, కాగితాల కట్టలు పట్టుకుని అవతలి ఒడ్డున దిగుతారు. ఊళ్ళోకి రావాలంటే ఏరు దాటాలి, దాటించేవాడు నాగన్న ఒక్కడే. వాళ్ళెందుకొచ్చారో అతనికి తెలుసు. దాటిస్తాడా, దాటించడా? దాటిస్తే ఎంత అడుగుతాడు? నడి ఏట్లో సర్వేయరును ఏం ప్రశ్న వేస్తాడు? ఆ కాగితాల్లో తన పేరుందో లేదో చూడమంటాడా? చూస్తే అక్కడ పుల్లన్న పేరొక్కటే ఉంటుంది. ఈ సన్నివేశం రాయడానికి జీవోలు అక్కర్లేదు, పుట్టి ఎలా తిరుగుతుందో మీకు తెలుసు, మొదటి అధ్యాయంలో చాలా బాగా రాశారు. ఇప్పటికే రాసిన సగం అధ్యాయాన్ని చెరిపెయ్యకండి. అందులో కరణానికీ రెవెన్యూ ఇన్‌స్పెక్టరుకూ మధ్య నడిచిన మాటలు బాగున్నాయి, పన్నెండులోనో పదమూడులోనో వాటికి చోటు దొరుకుతుంది.